బయటికి పంపే ముందు పది రోజులు

అమ్మలూ,

నువ్వు పంపిన ఫొటో చూశాను. కిటికీ దగ్గర వంగ, మిరప, టమాటా, గోంగూర, పక్కన పెరుగు డబ్బాలో బీర మొలకలు. మార్చిలో గింజలు వేసి మే మొదటి వారానికి ఇంతవరకు తెచ్చావంటే నీ చెయ్యి మంచిదే. అయితే ఫొటో కింద "ఇవాళ ఎండ బాగుంది, అన్నీ బయట పెట్టేస్తున్నాను" అని రాశావు చూడు, గుండె గుభేలుమంది. ముందు వాటిని లోపలికి తెచ్చెయ్యి.

షికాగో వచ్చిన రెండో ఏడు నేనూ ఇలాగే చేశాను. ఒక్క మధ్యాహ్నానికి టమాటా ఆకులు కాగితాల్లా తెల్లబడ్డాయి. తెగులనుకుని మందు కూడా కొట్టాను! తీరా చూస్తే ఎండదెబ్బ. అద్దం వెనక పెరిగిన ఆకుకు నేరుగా పడే ఎండ తెలియదు, గాలీ తెలియదు. బీర మొక్కలను ఆ రాత్రి బయటే వదిలేశాను. తెల్లారేసరికి మంచు కొట్టి నల్లగా వాలిపోయాయి.

మీ మినియాపొలిస్‌లో మే సగం దాటేదాకా ఆ మంచును నమ్మడానికి లేదు. మధ్యాహ్నపు వేడికి మోసపోకుండా రాత్రి ఎంతకు దిగుతుందో చూసుకో. 50 ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో 10 డిగ్రీలు, అంతకన్నా కిందికి దిగుతున్నన్నాళ్లూ వంగ, మిరప రాత్రిళ్లు ఇంట్లోనే పడుకోవాలి. బీరకు ఇంకా వెచ్చదనం కావాలి. మట్టిలో వేలు పెడితే చల్లగా తగలకూడదు.

ఈలోగా రోజూ కాసేపు బయటికి తిప్పు. మొదటి రోజు ఒక్క గంట, అదీ గాలి తగలని గోడవార నీడలో. రోజుకో గంట పెంచుతూ ముందు పొద్దుటి ఎండకు, ఆఖరున మధ్యాహ్నపు ఎండకు అలవాటు చెయ్యి. పది రోజులు పడుతుంది. ఆఫీసుకు వెళ్లే రోజు మానెయ్యి. ఎండలో పెట్టి మరిచిపోవడం కన్నా అదే నయం.

ఇక నీళ్లు. మనవాళ్లకు మొక్క కనిపిస్తే చాలు, చెంబు చేతిలోకి వస్తుంది. వేలి మొదటి కణుపు దాకా మట్టి ఆరితేనే పొయ్యి. ఎప్పుడూ తడిగా ఉంచితే చిన్న నల్ల ఈగలు ముసురుతాయి, మొదలు మెత్తబడి నారుకుళ్లు వస్తుంది.

మొక్కలు సన్నగా సాగి కిటికీ వైపు వాలుతున్నాయి, వెలుగు చాలడం లేదు. లైటును మొక్కల మీదికి బెత్తెడు ఎత్తుకు దించు. టమాటా సాగినా బెంగ లేదు. నాటేటప్పుడు కింది ఆకులు తుంచి కాండాన్ని లోతుగా పాతితే దానికే వేళ్లు వస్తాయి. బీరకు మాత్రం వేరు కదిలితే కోపం. డబ్బాను కోసి మట్టిగడ్డ చెదరకుండా దింపాలి. అసలు బీరను మార్చిలో వేసే పనే లేదు, వచ్చే ఏడు ఏప్రిల్ చివర్లో వెయ్యి.

మిరపకు అప్పుడే రెండు పూలు వచ్చాయి. తుంచెయ్యి, ముందు వేరు ఊనుకోనీ. మనసొప్పదని తెలుసు. ఆకుల వెనక పేనుబంక పడితే సింకులో నీటి ధార కింద కడుగు. అప్పటికీ పోకపోతే లీటరు నీళ్లలో చెంచా వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం చల్లు.

ఒక మిరప మొక్కను పెద్ద కుండీలోకి మార్చి ఇంట్లోనే ఉంచుకో. లోపల గాలి, తేనెటీగ ఉండవు కాబట్టి పూసినప్పుడు కొమ్మను వేలితో మెల్లగా తట్టు, పిందె పడుతుంది.

జూన్ మొదట్లో మీ పెదనాన్న కారులో అటు వస్తున్నారు. గోంగూర నారు నాలుగు మొక్కలు మిగిల్చి ఆయన చేతికివ్వు. నాది ఈసారి నీళ్లు ఎక్కువ పోసి కుళ్లబెట్టుకున్నాను.

నీ పెద్దమ్మ