నాలుక మీద తెల్లటి పూత ఎందుకు వస్తుంది, ఇంట్లో ఏం చేయాలి?

నాలుక మీద తెల్లటి పూత వేడి చేయడం వల్లనో, కడుపు బాగోకనో వస్తుందనే మాట మా విజయనగరంలో వింటాం గానీ, చాలాసార్లు కారణం నోట్లోనే ఉంటుంది. నాలుక మీద సన్నటి నూగులాంటి బుడిపెలు ఉంటాయి కదా, నోరు ఎండినప్పుడు వాటి మధ్య చచ్చిన కణాలు, తిండి తునకలు, బ్యాక్టీరియా ఇరుక్కుని పూతలా కనిపిస్తాయి. జ్వరం వచ్చినా, నీళ్లు తక్కువ తాగినా, నోరు తెరిచి నిద్రపోయినా, పొగ తాగినా ఇంతే.

పొద్దున్నే టంగ్ క్లీనర్‌తో వెనక నుంచి ముందుకు మెల్లగా గీయండి. మా నాయనమ్మ వేప పుల్లతో పళ్లు తోముకుని, దాన్నే నిలువుగా చీల్చి విల్లులా వంచి గీసుకునేది, అదీ పనిచేస్తుంది, రక్తం వచ్చేలా రుద్దకపోతే చాలు. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించండి, నీళ్లు బాగా తాగండి.

తుడిస్తే పెరుగు తరకలా ఊడి కింద ఎర్రగా మండుతుంటే అది ఫంగస్ కావచ్చు. షుగర్ ఉన్నవాళ్లకి, యాంటీబయాటిక్స్ వాడాక, ఆస్తమా ఇన్‌హేలర్ పీల్చి నోరు కడుక్కోకపోతే వస్తుంది, దానికి మందు కావాలి.

గీసినా పోని తెల్ల మచ్చ రెండు వారాలు దాటితే మాత్రం డెంటిస్టుకి చూపించాల్సిందే. ముఖ్యంగా చుట్ట తాగేవాళ్లు, అందులోనూ శ్రీకాకుళం వైపు నిప్పు లోపలికి పెట్టి అడ్డపొగ తాగే పెద్దమ్మలు, నాలుకతో పాటు అంగిలి కూడా చూపించుకోవాలి, అడ్డపొగ తాగేవాళ్లకి క్యాన్సర్ భయం అంగిలిలోనే ఎక్కువ.