కర్త ఎవరో రాయి

తమ్ముడూ,

వియత్నాంలోని మై లై ఊళ్లో అమెరికా సైనికులు చేసిన ఊచకోత మీద నువ్వు పంపిన కథ రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను. ‘తెల్లవారాక కాల్పులు జరిగాయి’, ‘ఇళ్లు తగలబడ్డాయి’, ‘పసిపిల్లలు సైతం బలయ్యారు’. వీటి కింద గీతలు పడ్డాయి. అన్నీ జరిగాయి సరే, చేసినవాడు ఒక్కడూ లేడేం? తెలుగులో కర్త లేకుండానే వాక్యం హాయిగా నడిచిపోతుంది. మామూలు రోజుల్లో అది అందమే. ఊచకోత గురించి రాసేటప్పుడు హంతకుడు దాక్కునేది సరిగ్గా ఆ సందులోనే.

1968 మార్చి 16న పని ముగించుకున్న అమెరికా సైన్యం కూడా అలాంటి వాక్యమే రాసుకుంది: 128 మంది శత్రువులు హతం, 3 ఆయుధాలు స్వాధీనం. అంత మంది దగ్గర మూడే ఆయుధాలా అని అడగాల్సినవాళ్లు అడగలేదు. వియత్నాం లెక్కలో చనిపోయినవారు 504 మంది. ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు.

ఇక ఆ ఉదయం ఊళ్లోకి ఒక దళాన్ని నడిపించిన లెఫ్టినెంట్ కేలీ. అతనికి ఎర్రటి కళ్లు పెట్టావు, పళ్లు కొరికించావు. నీ వయసులో నేనూ అలాంటివాణ్ణి ఒకణ్ణి రాశాను. అచ్చయింది కూడా, ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. పులినీ బోనులో పెడతాం, మనిషినీ బోనులో నిలబెడతాం. ఎందుకు చేశావని పులిని అడగం. అతణ్ణి రాక్షసుణ్ణి చేసిన క్షణమే నువ్వు విచారణ ఎత్తేశావు.

‘పైవాళ్ల ఆజ్ఞ’ అన్నాడు కేలీ. మామూలు తెలివి ఉన్నవాడికి ఎవడికైనా అక్రమమని తెలిసిపోయే ఆజ్ఞ సాకుగా చెల్లదని కోర్టులో న్యాయమూర్తి చెప్పాడు. నాకు అంతకన్నా బలంగా కనిపించేది ఆ దళమే. ఒక సైనికుడు ఏడుస్తూనే కాల్చాడని సాక్ష్యం ఉంది. అదే ఉదయం, అదే ఊళ్లో, కాల్చనని నిలబడ్డవాళ్లూ ఉన్నారు. ఆ ఏడ్చినవాణ్ణి నీ కథలోకి తీసుకురా. కన్నీళ్లు చూపించు, ట్రిగ్గర్ మీద వేలూ చూపించు. ఒకదానితో ఇంకోదాన్ని తుడిచెయ్యకు.

అమెరికా పైలట్ హ్యూ థాంప్సన్ హెలికాప్టర్‌ని దేవదూతలా దించావు. అది కూడా వద్దు. అతనికి 24 ఏళ్లు. గాయపడినవాళ్లు పడి ఉన్నచోట, నేల మీది తనవాళ్లు వచ్చి ఆదుకుంటారని పొగ గుర్తులు వేశాడు. ఆ గుర్తుల దగ్గరికి సైనికులు వచ్చి కాల్చేశారు. విషయం అతనికి మెల్లగా అర్థమైంది. ఆ మెల్లదనం కథకు కావాలి. తర్వాతే గ్రామస్థులకూ తన సైనికులకూ మధ్య దిగి, మనవాళ్లు వీళ్లమీద కాలిస్తే మనవాళ్లనే కాల్చమని తన గన్నర్‌కు చెప్పాడు.

చివర్లో తీర్పు వచ్చి న్యాయం గెలిచినట్టు ముగించావు. ఏం గెలిచింది? 22 మందిని హత్య చేశాడని తేలి యావజ్జీవం పడిన కేలీ మూడున్నరేళ్లలోపే బయటికి వచ్చాడు, అదీ చాలావరకు గృహనిర్బంధమే. అతని పైఅధికారి కెప్టెన్ మెదీనా నిర్దోషిగా వెళ్లిపోయాడు. శిక్ష పడింది కేలీ ఒక్కడికే. తక్కినవాళ్ల వాటాకు ఏ కోర్టూ శిక్ష వెయ్యలేదు.

మూడో పేజీలో ‘కాలువలో శవాలు పడి ఉన్నాయి’ అన్నావు. వాళ్లను అక్కడికి తోలిందెవరు, గట్టు మీద నిలబడిందెవరు, తూటాలు అయిపోతే మళ్లీ నింపుకున్నదెవరు? ముందు ఆ పేరా ఒక్కటి తిరగరాయి. నెలాఖరులోగా పంపితే చదువుతాను.

ఆశీస్సులతో,
మీ అన్న