1 కొరింథీయులకు 11:33లో ‘కనిపెట్టుకొని యుండుడి’ అంటే అర్థం ఏమిటి?

భోజనానికి కూడి వచ్చినప్పుడు ఎలా ఉండాలో చెప్పే ఈ వచనంలో కనిపెట్టుకొని ఉండడం అంటే ఒకరి కోసం ఒకరు ఎదురుచూడడం. కొత్తదాన్ని కనుగొనడం అనే నేటి వాడుక అర్థంతో దీనికి సంబంధం లేదు. గ్రీకు మూలంలోని ‘ఎక్దెఖొమాయ్’ అనే క్రియకు వేచి ఉండడంతో పాటు చేర్చుకోవడం అనే అర్థం కూడా ఉంది కనుక, తెలుగు అనువాదకులు ఎంచుకున్న మాట ఎంతో చక్కగా కుదిరిందని నా అభిప్రాయం. రోగి దగ్గర రాత్రంతా కనిపెట్టుకుని ఉన్నామని మన ఇళ్లలో ఇప్పటికీ అంటాం కదా.

అపొస్తలుడైన పౌలు ఈ పత్రిక (ఉత్తరం) రాసిన క్రీ.శ. 55 ప్రాంతంలో కొరింథు విశ్వాసులు ఇళ్లలోనే కూడుకొని, ప్రభువు బల్లను, అంటే యేసును జ్ఞాపకం చేసుకుంటూ రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకొనే ఆచారాన్ని, పూర్తి భోజనంతో కలిపి ఆచరించేవారు. 21, 22 వచనాల ప్రకారం కొందరు ముందే తిని తాగి మత్తులో ఉండగా, ఏమీ లేనివారు ఆకలితో సిగ్గుపడవలసి వచ్చేది. పని ముగిస్తే గాని రాలేని బానిసలు, కూలీలే వారై ఉంటారని చాలామంది వ్యాఖ్యాతలు భావిస్తారు. అందుచేత, ప్రభువు శరీరమని వివేచింపక తిని తాగేవాడు తనకే శిక్ష తెచ్చుకుంటాడన్న 29వ వచనంలోని హెచ్చరికను ఎవరి పాపాలు వారు లెక్కపెట్టుకోవడానికే పరిమితం చేయడం సరికాదు. పక్కన ఉన్న సహోదరుణ్ణి గుర్తించకపోవడం కూడా అందులోకి వస్తుంది.

చెన్నై పెరంబూరులోని మా తెలుగు సంఘానికి రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చే సెక్యూరిటీ గార్డు ఒకరున్నారు. బల్ల ఆరాధన రోజున ఆయన యూనిఫారంతోనే గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చేదాకా, మా పాస్టరు గారు రొట్టె విరవకుండా ఇంకొక పాట పాడిస్తారు.