నాన్న పేరు మీద నిధి: షెడ్డు కట్టాలా, స్టైపెండ్ ఇవ్వాలా?

నాన్నగారి జ్ఞాపకార్థం పది లక్షలు తీశామని, కల్వకుర్తి పక్కన మీ పొలంలోనే గాయపడ్డ అడవి జంతువులకు షెడ్డు కట్టి వెటర్నరీ విద్యార్థులకు ఇంటర్న్‌షిప్ ఇవ్వాలని ఉందని రాశారు. షెడ్డు మాట మానుకోండి. ఆ డబ్బంతా మనుషుల మీద, అంటే వెటర్నరీ ఇంటర్న్‌ల ఖర్చుల మీద పెట్టండి. మా కాక (బాబాయి) చనిపోయాక అచ్చంపేటలో మేం ఆయన పేరు మీద చేసింది అదే.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద, అడవి జంతువు ఎవరికి దొరికినా అది సర్కారు సొత్తు. 48 గంటల్లోపు పోలీస్ స్టేషన్‌లోనో ఫారెస్టు వాళ్లకో చెప్పాలి, అడిగితే అప్పజెప్పాలి. నెమలి, అలుగు (పాంగోలిన్) ఆ చట్టంలో అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, ప్రేమతో పెంచుకున్నా కేసే. రెస్క్యూ సెంటర్ అని పెట్టాలంటే జూలకు అనుమతులిచ్చే కేంద్ర సంస్థ సెంట్రల్ జూ అథారిటీ దాకా పోవాలి. పది లక్షలు గోడలకే సరిపోవు.

మన దిక్కు కొరత గోడలది కాదు. దెబ్బ తగిలిన మొదటి రెండు మూడు గంటల్లో తెలిసిన చెయ్యి ఒకటి ఉండదు. మంచి వైద్యమంటే హైదరాబాద్ నెహ్రూ జూపార్కు దాకా పోవాలి. శ్రీశైలం రోడ్డు మీద రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లు పోకుండా మన్ననూరు ఫారెస్టు చెక్‌పోస్టు గేటు మూస్తారు కాబట్టి అడవి లోపల కొంత నయం. గేటు బయట చేను గట్ల మీద పందుల కోసం పెట్టే ఉచ్చులు, ఒరలేని బావులు, సంక్రాంతికి మాంజా, వీటికి గేటేది?

పోయిన ఎండాకాలం ఉప్పునుంతల దిక్కు ఒక ఆడనెమలి కాలికి ఉచ్చు బిగుసుకుంది, బండి క్లచ్ వైరుతో కట్టింది. చుట్టూ జనం, అందరి చేతుల్లో ఫోన్లు. మా ఇంటర్న్ అమ్మాయి వచ్చీ రాగానే వైరు జోలికి పోలేదు. ఒకాయన భుజం మీది తువ్వాల అడిగి తీసుకుని నెమలి తల మీద కప్పింది. కళ్లకు చీకటి కాగానే అది రెక్కలు కొట్టుకోవడం ఆపింది. అప్పుడు కటింగ్ ప్లేయర్‌తో వైరు తెంపి, కోళ్ల గంప కింద నీడకు పెట్టి పైన గోనెపట్టా వేయించింది. ఒక పెద్దాయన సీసాతో నోట్లో నీళ్లు పోయబోతే, "వద్దు తాతా, ఊపిరితిత్తుల్లకు పోతయ్" అని చెయ్యి పట్టుకుంది. పట్టుకున్న భయానికే కండరాలు దెబ్బతిని చచ్చిపోయేవి ఉంటాయి, అందుకే ఫారెస్టు బీట్ ఆఫీసర్ వచ్చేదాకా జనాన్ని దూరం పెట్టడమే ఆమె చేసిన పెద్ద పని.

ఆమె లాంటి వాళ్లు రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలో ఉంటారు. పశువైద్య డిగ్రీ బీవీఎస్సీలో ఏడాది ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. కాలేజీ స్టైపెండ్‌కు పైన మేం ఇచ్చేది రూము కిరాయి, తిండి, పెట్రోలు, ముందస్తు రేబిస్ టీకాలు. గోల్డ్ మెడల్ మాత్రం పెట్టకండి, అది ఫొటోకు తప్ప జంతువుకు పనికిరాదు. ఊరి పిల్లగాడు ఒకణ్ని, చెంచుపెంట (అడవిలో చెంచుల గూడెం) నుంచి దొరికితే మరీ మంచిది, నెల జీతానికి పెట్టుకోండి. డాక్టర్ పిల్లలు కొన్ని నెలలుండి పోతారు, పాము పుట్టా ఉచ్చు జాడా తెలిసినవాడు మిగలాలి.

డబ్బు లెక్క. పది లక్షలు 7 శాతానికి ఎఫ్‌డీ వేస్తే ఏటా 70 వేలు, నెలకు ఆరు వేలు కూడా కాదు. అసలు ముట్టొద్దు, పేరు శాశ్వతంగా ఉండాలి అని మా ఇంట్లో పెద్దలు పట్టుబట్టారు. అదే వడ్డీకి అసలు కూడా కొంచెం కొంచెం తీస్తే పదేళ్ల పాటు ఏటా లక్షా నలభై వేల దాకా వస్తాయని కాగితం మీద చూపిస్తే ఒప్పుకున్నారు.

ట్రస్టు పెడితే సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్ట్రేషన్, ఇన్‌కం ట్యాక్స్‌లో ట్రస్టు ఆదాయానికి ఒకటి, చందాలకు ఒకటి పన్ను మినహాయింపు అనుమతులు (1961 చట్టంలో 12ఏబీ, 80జీ) కావాలి. చందా ఇచ్చేవాళ్లకు సగం మొత్తం మీద మినహాయింపు దొరుకుతుంది, 2,000 దాటిన నగదుకు దొరకదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు అసలే లేదు. బంధువులకు ఇది ముందే చెప్పండి, తర్వాత మాటలు పడాల్సి వస్తుంది.

అన్నిటికన్నా ముందు నాగర్‌కర్నూల్ వెళ్లి డీఎఫ్‌వోని (జిల్లా అటవీ అధికారిని) కలిసి, మీ ఇంటర్న్ ఎవరి కింద పని చేస్తారో కాగితం రాయించుకోండి. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ లోపలికి విద్యార్థుల్ని పంపాలంటే రాష్ట్రం మొత్తానికి వన్యప్రాణుల బాధ్యత చూసే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి వేరే ఉంటుంది, దానికి టైం పడుతుంది. మొదటి ఏడాది అడవి బయటి మండలాలకే పెట్టుకోండి.