టెక్ సందేహాలు: ఈ బుజ్జి రోబోకి అంత డబ్బు పెట్టాలా?

ప్రశ్న (ఖమ్మం నుంచి ఓ తండ్రి): సోనీ వాళ్ల గేమ్ మెషీన్ పీఎస్5 (ప్లేస్టేషన్ 5) కొని ఏడాది దాటింది. ఇప్పుడు మావాడు ‘ఆస్ట్రో బాట్’ కొనమని ప్రాణం తీస్తున్నాడు. యూట్యూబ్‌లో చూశాను. తెల్లటి బొమ్మ ఒకటి గెంతుతోంది, దూకుతోంది. నాకైతే ఎల్‌కేజీ పిల్లల ఆటలా అనిపించింది. దీనికి 2024లో ‘గేమ్ ఆఫ్ ది ఇయర్’ ఇచ్చారట. నిజంగా అంత ఉందా, కంపెనీ ప్రచారమా?

జవాబు: మీకొచ్చిన అనుమానమే నాకూ వచ్చింది. నా అనుమానానికి ఇంకో కారణం కూడా ఉంది. ఈ రోబో సోనీ వాళ్ల ఇంటి మనిషి. 2020లో పీఎస్5 వచ్చినప్పుడు ‘ఆస్ట్రోస్ ప్లేరూమ్’ అనే చిన్న ఆటని ప్రతి మెషీన్‌లోనూ ఉచితంగా పెట్టి ఇచ్చారు. మా కంట్రోలర్ ఏమేం చేయగలదో చూడండి అని చెప్పుకోవడానికి చేసిన ఆట అది. దాన్నే సాగదీసి ఇప్పుడు డబ్బులకి అమ్ముతున్నారేమో అనుకున్నా. పైగా ఇందులో మన హీరో అంతరిక్ష నౌక అచ్చం పీఎస్5లా ఉంటుంది, ఎక్కి తిరిగే బండేమో కంట్రోలర్‌లా ఉంటుంది. గ్రహాంతరవాసి ఒకడొచ్చి నౌకని పగలగొట్టి విడిభాగాలు ఎత్తుకుపోతాడు, లోపలున్న బుల్లి రోబోలు, అంటే బాట్లన్నీ గెలాక్సీ అంతటా చెల్లాచెదురవుతాయి, మనం వెళ్లి వెతికి తేవాలి. కథ అంతే. మొదటి గంట మూతి ముడుచుకునే ఆడాను.

ఇది ప్లాట్‌ఫామ్ గేమ్. ఆ రకం ఆట మనకి కొత్తేం కాదు. స్కూలు కంప్యూటర్ ల్యాబులో సార్ అటు తిరగ్గానే ‘డేంజరస్ డేవ్’ తెరిచి, కప్పు తీసుకుని తలుపు దాకా పరిగెత్తినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. వేసవి సెలవుల్లో టీవీకి తగిలించే వీడియో గేమ్, పసుపు రంగు క్యాసెట్, అది పనిచేయకపోతే ఉఫ్ అని ఊది మళ్లీ పెట్టడం, అందులో మారియో. ఒక గట్టు మీంచి ఇంకో గట్టు మీదికి దూకాలి, మధ్యలో పడితే పోతాం. ఇలాంటి ఆటలో బొమ్మలెంత ముద్దుగా ఉన్నాయన్నది తర్వాతి సంగతి. దూకడం మన చేతి మాట వింటోందా లేదా? నేను మొదట చూసేది అదే.

ఇక్కడే నా ముడుచుకున్న మూతి విప్పుకుంది. బటన్ నొక్కితే ఆస్ట్రో ఎగురుతాడు. గాల్లో ఉండగా మళ్లీ నొక్కి పట్టుకుంటే కాళ్ల కింద నుంచి లేజర్ కిరణాలు చిమ్మి, కాసేపు అలా తేలతాడు. ఆ కిరణాలే కింద ఉన్న శత్రువుని కాల్చేస్తాయి కూడా. అంటే దూరం తప్పుగా అంచనా వేసి దూకినా, దిద్దుకోవడానికి సెకనో అరసెకనో దొరుకుతుంది. దెబ్బ తగిలితే మాత్రం ఒక్కదానికే పోతాడు. కానీ ‘మూడు లైఫులే’ లాంటి లెక్కలేవీ లేవు, చెక్‌పాయింట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. పడ్డ చోటికి నాలుగడుగుల వెనకే మళ్లీ లేస్తాం. మీ అబ్బాయికి విసుగు రాదు, మీకు బీపీ పెరగదు.

ఇక కంట్రోలర్. పాత కంట్రోలర్లలో ఒక పక్క బరువెక్కువున్న ముక్కని మోటార్ తిప్పేది, అందుకే ఏం జరిగినా ఒకటే బర్రుమనేది. పీఎస్5తో వచ్చే డ్యూయల్‌సెన్స్ కంట్రోలర్‌లో, స్పీకర్‌లో ఉండే కాయిల్‌లా ముందుకీ వెనక్కీ కదిలే భాగాలున్నాయి. అందువల్ల సన్న సన్న తేడాలు కూడా చేతికి తెలుస్తాయి. చూపుడువేలితో నొక్కే ట్రిగర్ల లోపలున్న చిన్న మోటార్లు మన వేలిని ఎదురు తోస్తాయి. ఇదంతా చదివితే సేల్స్‌మన్ మాటల్లా ఉంటుందని తెలుసు. అందుకే ఆటలో వాన పడే చోట ఆగి, కళ్లు మూసుకోమని చెప్పి కంట్రోలర్ మా ఆవిడ చేతికిచ్చాను. ఆవిడకి గేమ్స్ అంటే చిరాకు. రెండు క్షణాలు పట్టుకుని, “రేకుల షెడ్డు మీద చినుకులు పడుతున్నట్టుంది” అని తిరిగిచ్చేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. అంతకంటే మంచి సర్టిఫికెట్ నాకు దొరకలేదు.

ఇంకో మంచి లక్షణం, ఏ సరదానీ సాగదీయరు. ఒక చోట ఎలుక శక్తి వస్తుంది, ట్రిగర్ నొక్కగానే వేలెడంత అయిపోయి చిన్న కన్నంలోంచి దూరిపోతాం. ఇదేదో బాగుందే అనుకునే లోపు తీసేసుకుంటారు. వేరే స్టూడియో అయితే ఆ ఒక్క ఎలుకతోనే పూర్తి ఆట తీసి ఉండేది.

సరే, నచ్చనివి. ఆటలో వెతకాల్సిన బాట్లు 300కి పైనే. వాళ్లలో చాలామంది పాత ప్లేస్టేషన్ ఆటల పాత్రల వేషాల్లో ఉంటారు. పేర్లు నేరుగా చెప్పరు, కొంటెగా ఒక వాక్యం రాసి వదిలేస్తారు. ‘గాడ్ ఆఫ్ వార్’ ఆట హీరో క్రాటోస్‌ని గుర్తుపట్టాను, అతని గొడ్డలి విసిరే లెవెల్ బ్రహ్మాండంగా ఉంది. మిగతావాళ్లలో సగం మంది ఎవరో, క్యాసెట్లతోనూ ఇంటర్నెట్ సెంటర్లతోనూ పెరిగిన నాకు తెలియదు. పెళ్లికెళ్లి పొరపాటున మగపెళ్లివారి బంతిలో కూర్చున్నట్టుంది. అందరూ నవ్వుతుంటారు, మనమూ నవ్వుతాం. అందులోనూ కోతుల్ని వలేసి పట్టే లెవెల్ ఒకటుంది. ‘ఏప్ ఎస్కేప్’ అనే ఆ అసలు కోతుల ఆటని తీసింది సోనీ జపాన్ స్టూడియో. 2021లో సోనీయే ఆ స్టూడియోని విప్పేసి, ఆస్ట్రో బాట్ తీసిన టీమ్ అసోబీని మాత్రం ఉంచుకుంది. ఉమ్మడి ఇల్లు పడగొట్టి, దాని ఫొటోకి దండ వేసినట్టు అనిపించింది నాకు.

ఎల్‌కేజీ అన్నారు కదా, కంట్రోలర్ బటన్ల మీది గుర్తులతో ఉండే చాలెంజ్ లెవెల్స్ ఒకసారి ఆడి చూడండి. ఒక్కోటి నిమిషం సేపే, కానీ మధ్యలో చెక్‌పాయింట్ ఉండదు. చివరి అడుగులో పడినా మొదటికొస్తాం. ఒకదాంట్లో ముప్ఫైసార్లు పోయాక లెక్కపెట్టడం మానేశాను.

తండ్రిగా మీకు కావాల్సిన ఇంకో విషయం: ఇందులో అసలు డబ్బుతో కొనే అంగడి లేదు. బొమ్మలు రాల్చే మెషీన్ ఒకటుంది గానీ, దాంట్లో వేసేవి ఆటలో ఏరుకున్న నాణేలే. కార్డు నంబర్ ఎవరూ అడగరు. ఇంటర్నెట్‌లో అపరిచితులతో ఆడటం, వాళ్లతో మాట్లాడటం కూడా లేదు.

కొనమనే చెప్తాను, తొందరపడి మాత్రం కాదు. మీ మెషీన్‌లో ఉచితంగా ఉన్న ప్లేరూమ్‌ని ముందు అబ్బాయితో కలిసి పూర్తి చేయండి. రెండు మూడు సాయంత్రాల పని. అది నచ్చితే ఇదీ నచ్చుతుంది. డ్రైవ్ ఉన్న పీఎస్5 అయితే డిస్కే కొనండి. ప్రధాన కథ పన్నెండు గంటలకి అటూ ఇటూగా అయిపోతుంది, ఆ తర్వాత డిస్కు అమ్ముకోవచ్చు, స్నేహితులతో మార్చుకోవచ్చు. డౌన్‌లోడ్ చేస్తే ఆ వీలు లేదు.

ప్రశ్న (విజయనగరం, ఇంజినీరింగ్ విద్యార్థి): గ్రాఫిక్స్ కార్డున్న లాప్‌టాప్ ఉంది. ఆస్ట్రో బాట్ ఆడే మార్గం ఉందా?

జవాబు: లేదు తమ్ముడూ, అది పీఎస్5కే. పీఎస్5లో నడిచే ఆటని వేరే తెర మీద చూపే రిమోట్ ప్లేతో లాప్‌టాప్‌లో కనబడుతుంది గానీ, దానికీ ఇంట్లో పీఎస్5 ఉండాలి. ఏపీకే (ఫోన్ యాప్ ఫైలు) అనీ పీసీ వెర్షన్ అనీ కనిపించే లింకుల జోలికి పోవద్దు. నీ లాప్‌టాప్‌కి 2018లో వచ్చిన ‘సెలెస్ట్’ అనే ప్లాట్‌ఫామ్ గేమ్ చాలు. కష్టంగా ఉంటుంది, కానీ అసిస్ట్ మోడ్‌లో ఆట వేగం తగ్గించుకోవచ్చు. ఇంకొంచెం పెద్దది కావాలంటే 2024 నాటి ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా: ది లాస్ట్ క్రౌన్’. దారి మూసుకుపోయిన చోట స్క్రీన్ ఫొటో తీసి ఆట మ్యాప్‌లోనే గుచ్చి పెట్టుకునే సదుపాయం అందులో ఉంది. ఇలాంటి ఆటల్లో దారి తప్పే నాలాంటివాళ్లకి అది వరం.

ప్రశ్న (నిజామాబాద్ నుంచి): ఆస్ట్రో బాట్‌లో బటన్ నొక్కాక రోబో కాస్త ఆలస్యంగా ఎగురుతోంది. కంట్రోలర్ పాడైందా?

జవాబు: ముందు టీవీని అనుమానించండి. ఆస్ట్రో బాట్ సెకనుకి 60 ఫ్రేముల (తెర మీద మారే బొమ్మల) చొప్పున నడుస్తుంది, అంటే ఒక్కో ఫ్రేముకి 16.7 మిల్లీసెకన్లు. సినిమాలు బాగా కనబడాలని టీవీ బొమ్మకి మెరుగులు దిద్దుతుంటుంది. దానికి 100 మిల్లీసెకన్లు పట్టిందనుకోండి, మీరు ఆరు ఫ్రేములు వెనకబడ్డట్టే. గట్టు అంచున ఆరు ఫ్రేములంటే గోతిలో ఉంటారు. టీవీ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ ఆన్ చేయండి. కొత్త టీవీ అయితే పీఎస్5 వీడియో సెట్టింగ్స్‌లో ఏఎల్ఎల్ఎమ్ అని ఉంటుంది, అది పెడితే ఆట మొదలవగానే టీవీయే మోడ్ మార్చుకుంటుంది. నా టీవీలో సినిమా మోడ్ ఉండిపోయిన సంగతి వారం దాకా చూసుకోలేదు. వయసు మీద పడి చేతులు స్లో అయ్యాయేమోనని టెన్షన్ పడి, బి12 మాత్రలు కూడా కొన్నాను.