పిలిస్తే పలకడు, అడిగిందే తిరిగి అంటాడు.. క్లాసులో ఈ బాబుతో ఎలా మాట్లాడాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేట్ స్కూల్లో రెండో తరగతి టీచర్‌ని. క్లాసులో 40 మంది. వాళ్లలో ఒక ఏడేళ్ల బాబుకి ఆటిజం ఉంది. పిలిస్తే పలకడు, ఏదడిగినా నా మాటే తిరిగి నాకు అంటాడు, బెల్ మోగితే చెవులు మూసుకుని బెంచి కిందకి దూరిపోతాడు. నాకు ట్రైనింగ్ ఏమీ లేదు, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మేడమ్, బాబు మీ వైపు చూడకపోయినా వింటూ ఉండొచ్చు. కళ్లలోకి చూస్తూ మాట వినడం చాలామంది ఆటిజం పిల్లలకి చాలా కష్టం, అందుకని "నా వైపు చూడు" అంటూ గడ్డం పట్టుకుని తిప్పకండి. అయితే పిలిస్తే పలకడం లేదన్నారు కాబట్టి వినికిడి పరీక్ష చేయించారో లేదో తల్లిదండ్రుల్ని తప్పకుండా అడగండి.

మీ మాటే తిరిగి అనడాన్ని మేం ఎకోలేలియా అంటాం, అది వెక్కిరింత కాదు. "నీళ్లు కావాలా?" అని మీరంటే వాడూ "నీళ్లు కావాలా?" అంటాడు, చాలాసార్లు దాని అర్థం 'అవును, కావాలి' అనే. ఇలాంటప్పుడు బాటిల్ చూపిస్తూ వాడు అనాల్సిన మాటే మీరు అనండి: "నీళ్లు కావాలి." కొన్నాళ్లకి దాన్నే పట్టుకుంటాడు.

పని చెప్పేటప్పుడు దగ్గరికెళ్లి, పేరు పిలిచి, ఒక్కటే చెప్పండి. "నోట్‌బుక్ తియ్." అంతే. తర్వాత మనసులో పది లెక్కపెట్టుకుంటూ ఆగండి. ఇదే అన్నిటికన్నా కష్టం, మనకి ఆగడం రాదు, రెండు సెకన్లలో ఇంకోలా చెప్తాం, వాడు మళ్లీ మొదటినుంచి అర్థం చేసుకోవాల్సి వస్తుంది. "చెవులు అప్పగించి వినండి" లాంటి మాటలూ వద్దు, అప్పగించడం ఏంటో తెలియక బిక్కమొహం వేస్తాడు. "ఇప్పుడు కథ చెప్తాను, విను" అంటే చాలు.

బెల్ సంగతి. మనకి మామూలుగా వినిపించే శబ్దం వాడికి భరించలేనంతగా ఉండొచ్చు. రెండు నిమిషాల ముందే "బెల్ మోగుతుంది" అని చెప్పండి, బెల్‌కి దూరంగా కూర్చోబెట్టండి, శబ్దం తగ్గించే హెడ్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోనివ్వండి. వినాయక చవితి రోజుల్లో బయట తీన్మార్ మోగుతుంటే ఇవి మరీ అవసరం. బెంచి కిందకి వెళ్తే చెయ్యి పట్టి లాగకండి, ప్రశ్నలు వేయకండి, చుట్టూ పిల్లలు మూగకుండా చూసి ఊరుకోండి, తనే తేరుకుంటాడు.

బోర్డు మూలన ప్రేయర్, లెక్కలు, లంచ్, ఆటలు, ఇల్లు అని వరుసగా బొమ్మలు గీయండి, అయిపోయినదాన్ని చెరిపేయండి. ఆటల పీరియడ్ రద్దయితే ఆ బొమ్మ కొట్టేసి వాడికి ముందే చూపించండి. హఠాత్తుగా వచ్చే మార్పే వాడిని ఎక్కువ కలవరపెడుతుంది.

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా ఉంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్కూల్ ఇలాంటి పిల్లల్ని వివక్ష లేకుండా చేర్చుకోవాలి, అవసరమైన ఏర్పాట్లూ చేయాలి, కాబట్టి ఈ భారమంతా మీ ఒక్కరిదీ కాదు, మేనేజ్‌మెంట్‌ని అడగండి. సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో ఎన్ఐఈపీఐడీ అని, మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, అక్కడ పిల్లలకి అసెస్‌మెంట్ చేస్తారు, టీచర్లకి శిక్షణ కోర్సులూ ఉన్నాయి.

ఇంకోటి, వాళ్లమ్మకి డైరీలో రోజూ కంప్లయింట్లే వెళ్తుంటే ఆపండి. ఇంట్లో బాబు ఏడ్చినప్పుడు దేనితో ఊరుకుంటాడో ఆవిడని అడిగి తెలుసుకోండి, అది క్లాసులోనూ పనికొస్తుంది.