రాత్రిపూట కాళ్ల లాగుడుకు ఆక్యుపంక్చర్: ముందు ఫెరిటిన్ చూపించండి

పడుకోగానే మీ అమ్మగారి పిక్కల్లో పురుగులు పాకినట్టుండి, లేచి నాలుగడుగులు వేస్తే తగ్గుతోందని, మాత్రలకు బదులు ఆక్యుపంక్చర్ చేయించవచ్చా అని అడిగారు. మీరు చెప్పిన లక్షణాలు రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్‌కు (కాళ్లు కదపకుండా ఉండలేని సమస్యకు) సరిపోతున్నాయి. అయితే, దీనికి ఆక్యుపంక్చర్ పనిచేస్తుందో లేదో తేల్చడానికి తగిన ఆధారాలు లేవని 2008లో, వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్ష పేర్కొంది. ఆ తర్వాత వచ్చిన అధ్యయనాల్లోనూ చాలావరకు చిన్నవే కనుక, దాన్నొక్కదాన్నే నమ్ముకోమని నేను చెప్పలేను.

ఒంట్లో ఐరన్ తగ్గినా ఈ బాధ రావచ్చు కాబట్టి, అంతకంటే ముందు రక్తంలో ఫెరిటిన్ (ఐరన్ నిల్వ ఎంతుందో తెలిపేది), ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (రక్తంలో ఐరన్‌ను మోసే ప్రోటీన్ ఎంత శాతం నిండిందో తెలిపేది) పరీక్షలు చేయించండి. మా అత్తగారు ఇలాగే చల్లని గచ్చు మీద పాదాలు ఆనించుకుని అర్ధరాత్రి దాకా కూర్చునేవారు. హిమోగ్లోబిన్ 12 ఉండటంతో రక్తహీనత లేదనుకున్నాం గానీ, ఫెరిటిన్ 18 (మిల్లీలీటరుకు నానోగ్రాముల్లో) మాత్రమే ఉందని తర్వాత తెలిసింది. ఈ సమస్య ఉన్న పెద్దవారిలో ఫెరిటిన్ 75 లేదా అంతకు తక్కువగా ఉంటే వైద్యులు ఐరన్ ఇవ్వడాన్ని పరిశీలిస్తారు. ఐరన్ మాత్ర వేసుకునే వేళ కాఫీ, టీలు తాగితే అది సరిగా ఒంటబట్టదు.

జలుబుకు వాడే డైఫెన్‌హైడ్రమైన్, వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, కొన్ని డిప్రెషన్ మందులు ఈ బాధను పెంచుతాయి కాబట్టి, ఆవిడ వాడుతున్న మందుల చీటీలన్నీ న్యూరాలజిస్టుకు చూపించండి.

ఇవన్నీ చూసుకున్నాక కూడా ఆవిడకు ఆక్యుపంక్చర్ మీద గురి ఉంటే, మందులు ఆపకుండా, ఒక్కసారే వాడి పారేసే సూదులతో, అర్హత ఉన్నవారి దగ్గరే చేయించండి. రక్తం పలుచబడే మందులు వాడుతుంటే ఆ సంగతి వారికి తప్పక ముందే చెప్పాలి.